పరాయి దేశము సొంత ఇల్లయిన విధము
డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారి జీవితము

మందమర్రిలోనే పుట్టి మందమర్రిలోనే పెరిగిన పెద్దలు మన సంఘములో ఎందరని లెక్క పెట్టితే చేతివేళ్లు మిగిలిపోతాయి. బొగ్గు బావులు తెరిచిన తరువాత మనమందరము ఎక్కడెక్కడినుండో వచ్చి ఇక్కడ చేరినవారమే. ఒకరిది కరీంనగరు వైపు పల్లె, ఒకరిది వరంగల్లు, ఒకరిది కోస్తా. బాయి పనికి మగవారు ముందు వచ్చినారు, వెనుక ఆడవారిని తెచ్చుకున్నారు. నేను కూడ అట్లే కొత్తకోడలిగా వచ్చినదానను. కాపురమునకు వచ్చిన మొదటి రాత్రి మావారు నైట్ షిఫ్టుకు పోయినారు. నడిరేయి సైరను మ్రోగితే బాయిలో ఏమి ప్రమాదము జరిగినదో అని దీపము పెట్టుకొని తెల్లవారేదాకా కూర్చున్నాను. అది షిఫ్టు మారే సైరనని పక్క క్వార్టరులోని అక్క పొద్దున వచ్చి చెప్పి, నవ్వి, చాయ పోసి ఇచ్చినది. ఆ చాయతోనే ఈ ఊరు నాకు ఊరయినది.

ఒక జిల్లా దాటి వచ్చిన నాకే అంత బెదురు కలిగితే, పెండ్లి కాని ఒక యువతి ఒక్కతే ఏడు సముద్రాలు దాటి, భాష రాని దేశములో దిగి, నలుబది ఏడేండ్లు అక్కడనే ఉండి, అక్కడనే మట్టిలో కలిసినదంటే ఆమె జీవితము తెలిసికొనదగినది గదా! మనకు దగ్గరలోనే డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు సేవ చేసిన స్కాట్లండు డాక్టరు ఇజబెల్ కెర్ అమ్మగారు ఉన్నారు. ఆమె 1907లో భర్తతో కలిసి నిజాము రాష్ట్రమునకు వచ్చినారు. అయితే ఆమెకంటె ఇరువది నాలుగేండ్ల ముందే, తోడు నిలిచే భర్త గాని కుటుంబము గాని లేకుండ, తెలుగు గడ్డమీద దిగిన ఒక లేడీ డాక్టరు ఉన్నారు. ఆమెయే గుంటూరు కుగ్లర్ ఆసుపత్రికి పేరు నిచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ అమ్మగారు. ఈ శతవార్షిక సంచికలో ఆమెను జ్ఞాపకము చేసుకొనుట మనకందరికి మేలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అన్నా కుగ్లర్ 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించినారు. తండ్రి చార్లెస్ కుగ్లర్, తల్లి హారియట్. ఇంటిలో లోటు లేదు. ఫిలడెల్ఫియాలో చదువుకున్న తరువాత ఆమె వైద్యము నేర్వ నిశ్చయించుకున్నారు. స్త్రీ డాక్టరగుట ఆ దేశములో కూడ అప్పటికి కొత్త సంగతియే. స్త్రీలకు వైద్యవిద్య నేర్పుటకై 1850లో ఫిలడెల్ఫియాలో ఒక కాలేజీ వెలసినది. తరువాత దానికి పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాల అని పేరు వచ్చినది. అన్నా అందులో చేరి 1879లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఆ పిమ్మట నారిస్‌టౌన్‌లో మతిస్థిమితము లేనివారి ప్రభుత్వ ఆసుపత్రిలో సహాయ డాక్టరుగా పని చేసినారు. అక్కడ స్త్రీల విభాగమునకు అధికారిణి కూడ ఒక స్త్రీయే. ఆలిస్ బెనెట్ అను ఆ డాక్టరు ఆ దినములలో అంతటి పదవి వహించిన కొద్దిమంది స్త్రీలలో ఒకరు. కాబట్టి అన్నాకు తన దేశములో గౌరవము ఉన్నది, సంపాదన ఉన్నది, పైకి పోవు దారి ఉన్నది. బ్రతుకుదెరువు లేక దేశము విడిచిన మనిషి కాదామె.

ఆ సమయములో గుంటూరులోని లూథరన్ మిషనెరీ ఆడమ్ రో గారి వద్దనుండి ఆమెకు ఒక ఉత్తరము వచ్చినది. ఇక్కడి స్త్రీల అవస్థ ఆ ఉత్తరములోని సారాంశము. ఆ కాలములో ఘోషా పాటించే ఇండ్లలో ఆడవారికి జబ్బు చేస్తే మగ డాక్టరుకు చూపించెడివారు కారు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలోనే ప్రాణము. ఆమె చేయి దాటితే ఇక గతి లేదు. వైద్యము తెలిసిన స్త్రీ ఒకరు వస్తే ఎన్నో ప్రాణములు నిలుచునని రో గారి ఆశ. ఆ ఆశ నెరవేరుట చూడకుండానే ఆయన 1882లో గుంటూరులో మరణించినారు. పిలిచిన మనిషి పోయినారు, పిలుపు మాత్రము మిగిలినది.

అన్నా తన సంఘపు స్త్రీల మిషనెరీ సమాజమునకు దరఖాస్తు పెట్టుకున్నారు. వారు సంతోషించినారు గాని ఒక మెలిక పెట్టినారు. వైద్యపు పని ఎత్తుకొనుటకు సమాజము ఇంకను సిద్ధముగా లేదు. కావలెనంటే జనానాలలో, అంటే ఘోషా స్త్రీల ఇండ్లలో, చదువు చెప్పే పనిమీద పంపెదమని అన్నారు. ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక క్షణము ఆగి ఆలోచించండి. ఏండ్ల తరబడి కష్టపడి నేర్చిన విద్యను పక్కన పెట్టి, నేర్వని పనికి పొమ్మన్నారు. ఆమె ఒప్పుకున్నారు. డాక్టరుగా కాకపోయిన ఉపాధ్యాయినిగానైన వెళ్లెదనని బయలుదేరినారు. అయితే తాను డాక్టరునన్న సంగతి ఇంటిలో వదిలిపెట్టి రాలేదు. 1883 ఆగస్టు 25వ తేదీన అమెరికా తీరము విడిచినారు. అప్పటికి ఆమెకు ఇరువది ఏడేండ్లు.

అదే సంవత్సరము మరియొక యువతి ఎదురు దిక్కుగా సముద్రము దాటినది. మహారాష్ట్ర దేశపు ఆనందీబాయి జోషి పదునెనిమిదేండ్ల వయస్సులో 1883 ఏప్రిల్ నెలలో కలకత్తాలో ఓడ ఎక్కి, జూనులో అమెరికా చేరి, అన్నా చదివిన ఆ ఫిలడెల్ఫియా కళాశాలలోనే ప్రవేశించినది. భర్త వెంట లేడు. చీర మానలేదు, శాకాహారము విడువలేదు. ఆ చలిలో, ఆ తిండి దొరకని చోట, మూడేండ్లు చదివి 1886లో పట్టా పుచ్చుకున్నది. కాని అక్కడనే ఆరోగ్యము చెడి, స్వదేశమునకు తిరిగి వచ్చి, 1887 ఫిబ్రవరిలో, ఇరువది రెండేండ్లు నిండకముందే కన్నుమూసినది. పరదేశములో కుదురుకొనుట పాటలో చెప్పినంత తేలిక కాదనుటకు ఆనందీబాయి సాక్ష్యము. ధైర్యము ఇద్దరిలోను ఉన్నది, దేహము ఒకరికి సహకరించినది, ఒకరికి సహకరించలేదు.

అన్నా కుగ్లర్ 1883 నవంబరు 29వ తేదీన గుంటూరు చేరినారు. అప్పటికి గుంటూరుకు రైలు లేదు. పడవలు, ఎడ్లబండ్లే ప్రయాణ సాధనములు. జర్మనీనుండి అమెరికా వెళ్లి, అక్కడినుండి వచ్చిన హయ్యరు పాదిరిగారు 1842లో అక్కడ మిషను ప్రారంభించి నలుబది ఏండ్లు దాటినది గనుక బడులు, సంఘములు ఉన్నవి. స్త్రీలకు ఆసుపత్రి మాత్రము లేదు. ఆమె దిగినది చలికాలపు ఆరంభములో. నాలుగు నెలలు గడవగానే గుంటూరు ఎండలు ఎట్లుంటవో ఆ మంచు దేశపు శరీరమునకు తెలిసి వచ్చినది.

ఎండకంటె కష్టమైనది మరొకటి ఉన్నది. తెల్లదొరసాని అంటే అధికారము గలదని మనము అనుకుంటాము గాని, పెద్ద కులముల లోగిళ్లలో ఆమె అంటరానిదే. ఆమెను అపవిత్రురాలిగా, పిలవని పేరంటముగా చూచినారు. నాడి చూడవలెనన్నా అనుమానమే, మందు పుచ్చుకోవలెనన్నా సంకోచమే. తన దేశములో ఎవరి గడపనైన తలయెత్తి దాటిన డాక్టరు, ఇక్కడ గడపవద్ద నిలిచి లోనికి రమ్మనుమాటకై ఎదురు చూడవలసి వచ్చినది. మన దేశములో గడప బయట నిలువబడిన జనులు తరతరములుగా ఎందరో ఉన్నారు. ఆమె కొద్ది కాలము ఆ చోట నిలిచినారు. అది ఆమెకు నేర్పిన పాఠము ఏ కళాశాలయు నేర్పజాలదు.

ఆమె కోపగించలేదు, వెనుకకు పోలేదు. ముందు భాష పట్టుకున్నారు. తెలుగు అక్షరములు దిద్దుట ఒక ఎత్తు, కడుపునొప్పి ఎక్కడ పుట్టినదో, బిడ్డ ఎన్నడు కదిలినదో, ఒక ఇల్లాలు సిగ్గుతో సగము మ్రింగి చెప్పే మాటను అర్థము చేసికొనుట వేరొక ఎత్తు. ఆ తెలుగు పుస్తకములో దొరకదు. ఆడవారి నోటినుండే నేర్వవలెను. చదువు చెప్పుటకని జనానాలకు పంపబడిన మనిషి, ఆ జనానాలలో తానే ముందు విద్యార్థిని అయినది. పలక పట్టని ఇల్లాండ్రు ఆమెకు గురువులయినారు.

చదువు చెప్ప వెళ్లిన ఇంటిలో బిడ్డకు జ్వరమని తెలిస్తే డాక్టరు ఊరకుండగలదా? సమాజము వైద్యపు పని అప్పగించకపోయినను రోగము ఆ సంగతి ఎరుగదు గదా. మొదటి సంవత్సరములోనే ఆమె రోగుల ఇండ్లకు వెళ్లి 185 మందికి, తాను నివసించే ఇంటివద్ద 276 మందికి చికిత్స చేసినారు. రెండును కలిపితే 461 మంది. ఆసుపత్రి లేదు, ఉత్తర్వు లేదు. బాలికల బడుల పర్యవేక్షణ కూడ నెత్తిన వేసుకొని, మిగిలిన వేళలో చేసిన పని అది. ఈ అంకెలలో 185 అన్నది నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఎందుకనగా, దొరసాని ఇంటికి రోగి పోవుట అవసరము, దొరసానిని తన ఇంటిలోనికి రానిచ్చుట నమ్మకము. ఏ తల్లి మొదట పక్కకు తొలగి, లోనికి రా అమ్మా అని దారి ఇచ్చినదో ఆమె పేరు ఏ పుస్తకములోను లేదు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రికి మొదటి రాయి వేసినది ఆ పేరు లేని తల్లియే అని నేను అనుకొందును.

రెండేండ్లు ఇట్లు గడిచినవి. పని తన్ను తానే రుజువు చేసికొన్నది. 1885 డిసెంబరులో సమాజము ఆమెను వైద్య మిషనెరీగా నియమించినది. మొదట కాదన్నదానినే ఇప్పుడు వారే ఇచ్చినారు. ఆమె పోట్లాడి తీసుకొనలేదు, అలిగి కూర్చొనలేదు, ఇచ్చిన పని చేయుచు తెలిసిన పని మానలేదు. ఓర్పు అంటే చేతులు కట్టుకొని కూర్చొనుట అని మనలో కొందరి అభిప్రాయము. కుగ్లర్ అమ్మగారి ఓర్పు ఆ రకమైనది కాదు.

1889లో ఆమె సెలవుమీద అమెరికా వెళ్లినారు. విశ్రాంతికని వెళ్లిన ఆ కాలములో వైద్యములో మరింత చదువు చదివి, ఆసుపత్రి కొరకు సంఘము సంఘమునకు తిరిగి విరాళములు పోగుచేసినారు. పరదేశము వెళ్లినవారికి అసలు పరీక్ష మొదటి ప్రయాణములో కాదు, ఒకసారి ఇంటికి వచ్చిన తరువాత ఉంటుంది. దుబాయి వెళ్లిన మన పిల్లలను అడగండి, చెప్పుతారు. మొదటిసారి తెలియక పోతాము, రెండవసారి తెలిసి పోవాలె. అమ్మగారికి గుంటూరు ఎండ తెలుసు, గడప బయట నిలుచుట తెలుసు, రాత్రివేళ కాన్పులకు పరుగెత్తుట తెలుసు. అన్నియు తెలిసి 1891లో మరల వచ్చినారు. మొదటి రాకలో ఆమె గుంటూరుకు వచ్చిన అతిథి, రెండవ రాకలో ఇంటికి చేరిన మనిషి.

ఆ తరువాత పని వేగముగా సాగినది. ఆసుపత్రి కొరకు 18 ఎకరముల స్థలము కొన్నారు. 1893లో అక్కడ మందులశాల తెరచినారు. 1897లో 50 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. స్త్రీలకు, పిల్లలకు అది ఆ ప్రాంతములో పెద్ద ఆశ్రయము. ఆ దశాబ్దములోనే నర్సు క్యాథరిన్ ఫాస్ గారు, డాక్టరు మేరీ బేర్ గారు అమెరికానుండి వచ్చి ఆమెకు కుడిభుజము, ఎడమభుజము అయినారు. ఫాస్ గారు ఇక్కడి యువతులకు నర్సు పని నేర్పినారు. బేర్ గారు తరువాత చీరాలలో వైద్యసేవ సాగించినారు. కాన్పుల విభాగము, పిల్లల విభాగము, ఆపరేషను గది, ప్రార్థనాలయము ఒక్కొక్కటిగా లేచినవి.

ఇందులో మనము గమనించవలసిన విషయము నర్సుల తర్ఫీదు. ఆ దినములలో పరాయివారి మలమూత్రములు ఎత్తే పని, పుండ్లు కడిగే పని హీనమని ఎంచెడివారు. భర్తను పోగొట్టుకున్నవారు, చదువుకున్న పేద క్రైస్తవ పిల్లలు ఆ పని నేర్చుకొని, తెల్ల బట్టలు కట్టి, సొంత జీతముతో నిలువబడుట సామాన్యమైన మార్పు కాదు. తెలుగు దేశములో క్రైస్తవ కుటుంబములనుండి ఇందరు నర్సులు బయలుదేరుటకు ఇటువంటి మిషను ఆసుపత్రులే పునాది. తాను పరాయిగా వచ్చిన మనిషి, ఊరివారిని తన అవసరము లేకుండ నిలువబడగలవారిగా తయారు చేసినారు.

ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారి కుటుంబము కథ గుంటూరులో ప్రసిద్ధము. రాణిగారికి కుగ్లర్ అమ్మగారు వైద్యము చేసి మేలు చేసినారు. ఆ కృతజ్ఞతతో రాజాగారు ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించి ఇచ్చినారు. మన దేశములో రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడని, వెంట ఇల్లంతయు వచ్చునని, వారికి వంట, నీడ ఉండవలెనని తెలిసినవారు కట్టించిన సత్రమది. ఒకప్పుడు గడప బయట నిలిచిన దొరసాని వాకిటిలో, ఇప్పుడు రాజకుటుంబము వారు తమ డబ్బుతో గడప కట్టినారు. ఎవరి మతము వారిది, స్నేహము ఇద్దరిది.

ప్రభుత్వము వారు 1905లోను, 1917లోను ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చినారు. పతకములు ఎందరికో వచ్చును. వాటిని గూర్చి ఇంతకంటె వ్రాయుట అనవసరము. తన ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయముగా వ్రాసిన పుస్తకము 1928లో వెలువడినది.

చివరి సంవత్సరములలో ఆమె రక్తహీనతతో బాధపడినారు. దేహము తగ్గిపోయినను గుంటూరు విడువలేదు. ఎవరి కొరకు ఆసుపత్రి కట్టినారో వారి మధ్యనే, తాను కట్టిన ఆసుపత్రిలోనే, 1930 జూలై 26వ తేదీన తమ డెబ్బది నాలుగవ యేట ప్రభువునందు నిద్రించినారు. ఇరువది ఏడేండ్లు పుట్టిన దేశములో, నలుబది ఏడేండ్లు వచ్చిన దేశములో బ్రతికినారు. రెంటిలో ఏది ఆమె సొంత దేశమో లెక్కయే చెప్పుచున్నది. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచినది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన సంఘములో ఎందరి ఆడపిల్లలు నర్సింగు చదివి పరదేశములకు వెళ్లుచున్నారో మనకు తెలుసు. అక్కడ దిగగానే మన పట్టా పనికిరాదని, మరల పరీక్ష వ్రాయుమని, అంతవరకు చిన్న పని చేయుమని అంటారు. ఆ బిడ్డ ఫోనులో ఏడుస్తుంది. తల్లి ఇక్కడ అన్నము మానుతుంది. అటువంటి తల్లులతో నేను చెప్పేది ఒకటే. డాక్టరు పట్టా పుచ్చుకున్న కుగ్లర్ అమ్మగారిని కూడ డాక్టరుగా కాదు, వేరే పనికే పంపినారు. చేతిలోని విద్యను ఎవరును తీసికొనిపోలేరు. భాష నేర్చుకొని, ఇచ్చిన పని చేయుచు, తెలిసిన పని మరువకుండ ఉంటే వేళ వచ్చును. అయితే ఆనందీబాయిని కూడ మరువవద్దు. ఆరోగ్యము చెడుచున్నదని బిడ్డ చెప్పితే, నలుగురిలో పేరు పోవునని అక్కడనే ఉండుమనవద్దు. తిరిగి వచ్చుట ఓటమి కాదు.

మరియొక మాట. కుదురుకొనుట వచ్చినవారి పని మాత్రమే అని మనము తలంచుచున్నాము. మోయాబీయురాలైన రూతు ఎంత గట్టిదైనను, ఆమె పరిగె ఏరుకొనుటకు చేను గలవారు దారి ఇచ్చినందుననే బేత్లెహేము ఆమెదైనది. గుంటూరు తల్లి గడప తెరవకపోతే కుగ్లర్ అమ్మగారి చదువంతయు పెట్టెలోనే ఉండెడిది. మరి మనము? ఈమధ్య ఇటుక బట్టీ పనికి పొరుగు రాష్ట్రమునుండి వచ్చిన ఒక చిన్న పిల్ల, చంకలో బిడ్డతో మూడు ఆదివారములు గుడిలో చివరి వరుసలో, చెప్పులు విడిచే చోట కూర్చున్నది. తెలుగు రాదు. నేను చూచినాను, నవ్వినాను, ఇంటికి పోయినాను. నాలుగవ ఆదివారము ఆమె రాలేదు. బట్టీ పని ముగిసి వెళ్లిపోయినారట. పేరైన అడుగలేదు. పక్క క్వార్టరు అక్క నాకు పోసిన చాయ ఆమెకు పోయవలసినది నేనే. పోయలేదు. నలుబది ఏండ్లుగా నేను చెప్పుకొన్న కథ నాకే ఎదురు తిరిగినది.

శతవార్షికోత్సవమునకు మనము గుడికి రంగులు వేయించుచున్నాము, మెట్లు కట్టించుచున్నాము. సంతోషమే. మెట్లు ఎక్కి వచ్చిన కొత్తవారికి ముందు వరుసలో చోటు చూపుటకు, పేరు అడుగుటకు, ఆరాధన ముగిసిన తరువాత ఇంటికి పిలుచుటకు ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క ఆదివారము పూచీ తీసికొంటే బాగుండునని నా మనవి. మొదటి ఆదివారము మా ఇంటిదిగా వ్రాసికొనవలెనని కోరుచున్నాను.